పోయిన అక్షరాల పలక

ఆ రోజు పొద్దున నిచ్చెనమ్మ ఎప్పటిలాగే కంప్యూటర్ మీట నొక్కి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ డబ్బా ముసలిది. అది మూలిగి, దగ్గి, కళ్ళు తెరిచేలోపు పాలు కాగుతాయి. పాలు దించుకుని వచ్చేసరికి తెర కింది సగంలో అక్షరాల పలక పరుచుకుని ఉంటుంది. మంచం మీది మొగుడు బొటనవేలితో బంతి మౌసును దొర్లించి, ఒక్కో అక్షరం మీద బాణం గుర్తును నిలబెట్టి నొక్కి, ఆమె వచ్చేసరికి ఒక మాట రాసి సిద్ధంగా ఉంచుతాడు. చాలా రోజులు ఆ మాట 'ఆలస్యం'. కాకపోతే 'చక్కెర తక్కువ'. పాలు నోట్లో పడకముందే చక్కెర తక్కువని తెలిసే మగవాడు ప్రపంచంలో ఆయనొక్కడే.

ఆ రోజు ఆమె గ్లాసు పట్టుకుని వచ్చి తెర వంక చూసింది. పలక లేదు.

పలక ఉండాల్సిన చోట ఒక చిన్న బూడిదరంగు పెట్టె, అందులో ఏదో ఇంగ్లీషు. దాని పైన ఆయన రాసుకునే తెల్ల కాగితం నిన్న ఎక్కడ ఆగిందో అక్కడే తెరుచుకుని ఉంది. దాని మీద రెండే మాటలు.

'నువ్వు ఇక'

తరవాత ఏమీ లేదు.

"నేను ఇక ఏంటయ్యా?" అంది నిచ్చెనమ్మ.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ ఇంట్లో ఆ పలక విలువేమిటో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. ఆయన దుకాణాల బోర్డులు రాసేవాడు. ఆ వీధిలో మంగలి కొట్టు దగ్గర్నుంచి మందుల కొట్టు దాకా ఎవరి తల మీద చూసినా ఆయన చేతి అక్షరాలే. ఆయన నిచ్చెన ఎక్కితే కింద పట్టుకుని నిలబడేది పెళ్ళాం. అందుకే అందరూ నిచ్చెనమ్మ అన్నారు. చిన్నప్పుడు బడికి పోయింది తక్కువ, పోయినా నేర్చింది తక్కువ. చదువంతా మొగుడి బోర్డుల కింద నిలబడి, తల పైకెత్తి నేర్చింది. అందుకే ఇప్పటికీ ఏది చదవాలన్నా మెడ కొంచెం వెనక్కి వంచుతుంది.

ఆయన చెయ్యి ఎంత గొప్పదో కోపం అంతకు రెండింతలు. గీత వెంట్రుకవాసి పక్కకు పోతే చాలు, చేతిలో బ్రష్షు చెత్తబుట్టలోకి పోయేది. మామూలు బ్రష్షు కాదు, వెతికి వెతికి తెప్పించుకున్న ఉడత వెంట్రుకల బ్రష్షు. "నాకీ పని రాదు, ఇక రాయను" అని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. నిచ్చెనమ్మ బతిమాలేది కాదు, బుజ్జగించేది అంతకన్నా కాదు. బుట్టలోంచి బ్రష్షు తీసి, కిరసనాయిల్లో కడిగి, వెంట్రుకలు వేళ్ళతో సర్ది, ఆయన పక్కన పెట్టి తన పని తాను చూసుకునేది.

"పారేసినదాన్ని ఎందుకు తెచ్చావే?" అని ఆయన అరిచేవాడు.

"బ్రష్షు నీదే అయ్యా, కాదన్నానా? చెత్తబుట్ట మాత్రం నాది. దాంట్లో పడ్డాక ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో నేను చూసుకుంటా."

కాసేపటికి ఆయన ఇటు తిరిగి, ఆ బ్రష్షు తీసుకుని, వెలుగులో పట్టి చూసి, "కిరసనాయిల్లో కడిగావా?" అని అడిగేవాడు. కడిగిందని ఆయనకు తెలుసు, వాసనే చెబుతుంది. తప్పయిందని అనడం నేర్చుకోకుండా పెరిగిన మనిషి, ఆ ప్రశ్నతో సరిపెట్టేవాడు. ఆమె కూడా అదే పదివేలనుకునేది. కాపురమంతా వాళ్ళిద్దరి మధ్య రాజీ మాట ఇదొక్కటే.

బోర్డు రాసేవాడికి అక్షరం ముక్కు ముందు ఉంటుంది. దూరం నుంచి ఎలా కనిపిస్తుందో వాడికి తెలియదు. అందుకని మధ్యలో ఆయన "పోయి చూసిరా" అనేవాడు. ఆమె నిచ్చెన వదిలి రోడ్డు దాటి, అవతలి పక్క నిలబడి, వరుస వంకరుంటే చేత్తో పైకి, కిందికి అని సైగ చేసేది. ఏళ్ళ తరబడి అలాగే చేశారు, ఏనాడూ ఏమీ కాలేదు. ఒకనాడు మందుల కొట్టు బోర్డు రాస్తుండగా ఆమె అవతలికి పోయి వెనక్కి తిరిగేసరికి పైన అక్షరాలున్నాయి, మనిషి లేడు.

మెడ కింద ఒళ్ళంతా చలనం లేకుండా పోయింది. కుడిచేతి బొటనవేలు, దాని పక్క వేలు మిగిలాయి. గొంతులో గొట్టం పెట్టారు, దాంతో మాట పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి కాళ్ళూ చేతులూ ఆడించే ఆవిడ ఒకామె ఉండేది. ఆమెను కసరత్తులమ్మ అనేవాళ్ళు. ఆమే మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఈ పాత కంప్యూటర్ తెప్పించింది. "తెర మీదే అక్షరాలు వస్తాయమ్మా, నొక్కితే చాలు. కంప్యూటర్‌తో పాటే పుట్టిన సదుపాయం ఇది, వేరే కొనక్కర్లేదు" అని చెప్పి, బంతి మౌసును ఆయన బొటనవేలి కిందికి వచ్చేలా గుడ్డపట్టీతో మంచానికి కట్టి, అన్నీ నేర్పి, బదిలీ మీద ఎటో వెళ్ళిపోయింది.

ఆ పలక వచ్చాకే ఇల్లు మళ్ళీ ఇల్లయింది. ఎందుకంటే తిట్లు తిరిగొచ్చాయి. నిచ్చెనమ్మ చిన్న చిన్న బోర్డులు తెచ్చి మంచం పక్కన నేల మీద పరిచి తనే రాయడం మొదలుపెట్టింది. ఆయన తెర మీద 'తోక లావు', 'చెయ్యి తేలిగ్గా', 'మనిషివేనా' అని నొక్కేవాడు. ఆమె చెరిపి మళ్ళీ రాసేది. చెయ్యి ఆమెది, కన్ను ఆయనది. ఇప్పుడు కూడా గోడకు ఆనించి పళ్ళ డాక్టరు బోర్డొకటి ఉంది, అడుగు రంగు వేసి, అక్షరాలు వెయ్యకుండా.

పలక పోయిన పొద్దున ఆమె ముందు తనకు తెలిసిన వైద్యమంతా చేసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. తీగలు పీకి, కొంగుతో తుడిచి, మళ్ళీ గుచ్చింది. ఎన్నిసార్లు వేసినా ఆ బూడిదరంగు పెట్టె వచ్చి అదే ఇంగ్లీషు చెప్పింది. ఆఖరికి మంచం పక్కన కూర్చుని, "సరే, నేనే అక్షరాలు చెబుతా. నీకు కావాల్సింది వచ్చినప్పుడు కన్ను ఆర్పు" అని మొదలుపెట్టింది. ఆమె అచ్చులు చెప్పింది, హల్లులు చెప్పింది. ఆయన కన్ను ఆర్పడం కాదు, అసలు తెరవనే లేదు. పాలు పెదవి దగ్గర పెడితే దవడ బిగించాడు.

నోరు పోయిన మనిషి తిండి కూడా మానేస్తే ఇంకేం మిగిలింది? మాట పోయిన దిగులుతో బిగుసుకుపోయాడనుకుంది. పలక తెస్తే పాలు తాగుతాడు. పలక తేవాలి. అంతకుమించి ఆలోచించే తీరిక లేదు.

ఇంగ్లీషు ఆమెకు రాదు. కానీ అక్షరాన్ని బొమ్మలా చూసి గీయడంలో ఆమెను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. అట్టముక్క తీసుకుని, సన్న బ్రష్షుతో, ఆ పెట్టెలో ఉన్నదంతా చుక్క కూడా వదలకుండా దింపుకుంది. ఎదురింటావిణ్ణి మొగుడి దగ్గర కూర్చోబెట్టి, ఆ అట్ట ఆరకముందే పట్టుకుని కంప్యూటర్లు బాగుచేసేవాడి కొట్టుకు పోయింది. వాణ్ణి అందరూ వైర్ల డాక్టరంటారు. మాటకు ముందు పొగ వదులుతాడు, మాట తరవాత లెక్చరు వదులుతాడు.

వాడు అట్ట చూసి సిగరెట్టు తీసి పక్కన పెట్టాడు. "ఇదేంటమ్మా?"

"మా డబ్బా చెప్పిన మాట."

"నా సర్వీసులో ఇంత అందమైన ఎర్రర్ చూడలేదు. ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటా."

"కట్టించుకుందువుగాని, ముందు అర్థం చెప్పు."

"ఒక ఫైలు కనిపించట్లేదు అంటోంది. తెర మీద అక్షరాలు చూపించే ఫైలు. కంప్యూటర్ పుట్టుకతో ఉండేది."

"పుట్టుకతో ఉన్నది పొద్దున్నే లేచి ఎటు పోతుంది నాయనా, దానికేమైనా కాళ్ళున్నాయా?"

"వైరస్ తినేసి ఉంటుంది. లేదా లోపల డిస్కు పుచ్చి ఉంటుంది. చూస్తేగానీ చెప్పలేను."

ఆమె ఇంటికి పోయి డబ్బాను దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చింది. వైర్ల డాక్టరు దాన్ని తన తెరకు తగిలించి, ఇంటర్నెట్టులో వెతికి, అదే పేరున్న ఫైలొకటి దింపి లోపల పెట్టాడు. బూడిదరంగు పెట్టె మళ్ళీ వచ్చింది, ఈసారి వేరే ఇంగ్లీషుతో.

"ఇది ఈ కంప్యూటర్‌ది కాదంటోంది. చెప్పులాంటిదమ్మా, చెప్పు చెప్పే, కొలత వేరు."

ఇంకోచోట నుంచి ఇంకోటి దింపాడు. దాంతో పాటు తెర నిండా అరకొర బట్టల అమ్మాయిలు పుట్టుకొచ్చి, పేకాటకు రమ్మని కన్ను కొట్టడం మొదలుపెట్టారు. వైర్ల డాక్టరు గాభరాగా వాళ్ళను ఒక్కొక్కరినే మూశాడు. ఒకరిని మూస్తే ఇద్దరొచ్చారు.

"వీళ్ళెవరు?" అంది నిచ్చెనమ్మ.

"వీళ్ళతో మనకు సంబంధం లేదమ్మా."

"నీకు బాగా అలవాటున్నట్టే ఉందిలే. ముందు పంపించు, మా ఆయనవి రెండు వేళ్ళే పనిచేస్తాయి. వాటిని కూడా చెడగొట్టకు."

వాళ్ళను తరిమి, చెమట తుడుచుకుని, వైర్ల డాక్టరు చివరి మాట చెప్పాడు. డబ్బా మొత్తం తుడిచి కొత్త సిస్టం వెయ్యచ్చు. కానీ ఇది పాత డబ్బా, కొత్తదాన్ని మొయ్యలేదు. దీనితో వచ్చిన పాత సీడీ ఎవరి దగ్గరా దొరకదు. తుడిచాక మధ్యలో ఆగిపోతే ఇక ఇది ఇనప్పెట్టె కిందే లెక్క.

"ఆ ముక్క చెప్పడానికి ఇంతసేపా?" అంది ఆమె.

"ఒక్క దారుంది. ఇలాంటిదే, దీనితో పాటే కొన్నది, బాగా నడుస్తున్నది ఇంకోటి ఉంటే అందులో ఆ ఫైలు ఉంటుంది. అది తెచ్చి ఇందులో పెడితే చెల్లుతుంది. తమ్ముడి రక్తం అన్నకు ఎక్కించినట్టు."

ఈ డబ్బాకు అలాంటి తమ్ముడొకడు ఉన్నాడని నిచ్చెనమ్మకు తెలుసు. ఎవరి ఇంట్లో ఉన్నాడో కూడా తెలుసు.

అక్కడికి పోకుండా తప్పించుకోవడానికి మనసు ఇంకో దారి వెతుక్కుంది. దొంగ దొరికితే సొత్తు దొరుకుతుంది. నిన్న ఇంటికి వచ్చిన కొత్త మనిషి ఎవరు? మొగుడి అక్కగారు. వస్తూనే తమ్ముడి తల దగ్గర కూర్చుని, ఆయనకు చెవులు కూడా పడిపోయినట్టు, ఇలాంటివాళ్ళను చూసుకునే ఇల్లొకటి ఊరి చివర ఉందట, మంచి మంచాలట, వేళకు అన్నీ చేస్తారట, నీ నడుం కూడా వంగిపోతోంది అని మరదలికి చెప్పుకొచ్చింది. "నా మొగుడు అద్దె సామాను కాదు వదినా, వాడుకుని తిప్పి పంపడానికి" అని నిచ్చెనమ్మ అంటే మూతి ముడుచుకుని, పోతూ పోతూ ఆ కంప్యూటర్ దగ్గర నిలబడింది కూడా.

కొట్టు అరుగు మీద నిలబడే ఫోను చేసింది.

"వదినా, నిన్న మా కంప్యూటర్ మీద ఏమైనా నొక్కారా?"

"నేనెందుకు నొక్కుతానే? నా ఫోనే నాకు తిన్నగా నొక్కడం రాదు."

"రానివాళ్ళే నొక్కుతారు. అక్షరాల పలక పోయింది. ఆయన పొద్దుట్నుంచి పాలు ముట్టలేదు."

అవతల వదినగారి గొంతు మారింది. "వాడు తినట్లేదా? నేనా మాట వాడి ముందు అనాల్సింది కాదేమోనే. నువ్వు గ్లాసులు కడగడానికి పోయినప్పుడు వాడు నా వంకే చూస్తూ ఉండిపోయాడు. అయినా నేను మీ మంచికే..."

"మంచి తరవాత మాట్లాడుకుందాం" అని నిచ్చెనమ్మ పెట్టేసింది. వదినగారిలో వంద అవలక్షణాలుండచ్చు, అబద్ధం మాత్రం లేదు. ఇక ఆ ఒక్క దారే మిగిలింది.

ఆ రెండో కంప్యూటర్ ఉన్న చోటు ఫ్లెక్సుల కొట్టు. దాని యజమానిని ఒకప్పుడు చిన్నబ్రష్షు అనేవాళ్ళు. లాగులు తొడుక్కునే వయసులో ఈ ఇంటికి వచ్చి, ఈ ఇంట్లో తిని, ఈయన దగ్గరే అక్షరం దిద్దుకుని మనిషయ్యాడు. మీసం వచ్చాక ఫ్లెక్సులు అచ్చు కొట్టే మిషను పెట్టాడు. ఆయన రోజంతా నిలబడి రాసే బోర్డు ఆ మిషను పొగ వదిలినంత తేలిగ్గా వదిలేది. వీధిలో బోర్డులు ఒక్కొక్కటే దిగిపోయాయి. "మళ్ళీ నా గడప తొక్కకు" అన్నాడు ఆయన. ఆయన పడిపోయినప్పుడు వాడు ఆసుపత్రికి పరిగెత్తుకొస్తే, గుమ్మంలోనే అడ్డుపడి, "ఏరా, మనిషి ఊపిరితో ఉండగానే ఫ్లెక్సు కొలతలు తీసుకోవడానికి వచ్చావా?" అంది నిచ్చెనమ్మ. వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఇన్‌స్టిట్యూట్ మూసినప్పుడు అక్కడి రెండు కంప్యూటర్లలో ఒకటి ఈ ఇంటికి, ఒకటి వాడి కొట్టుకు చేరాయని తెలిసి కూడా ఆమె ఒళ్ళు మండిపోయింది.

ఇప్పుడు ఆ కొట్టుకు ఎదురుగా, రోడ్డు ఇవతల నిలబడింది. లోపలికి పోవడానికి కాళ్ళు రావడం లేదు. అలవాటు కొద్దీ తలెత్తి బోర్డు చూసింది. ఊరందరికీ ఫ్లెక్సులు కొట్టేవాడి కొట్టు మీద ఫ్లెక్సు లేదు. రేకు మీద చేత్తో రాసిన అక్షరాలు. వరుస నూలు పట్టినట్టుంది. సైగ చెయ్యడానికి ఆమె చేతికి పని దొరకలేదు. గాలి పీల్చుకుని రోడ్డు దాటింది.

లోపల మిషను గరగరమంటోంది. సిరా వాసన ముక్కులు పగలగొడుతోంది. వాడు చుట్ట చుట్టిన గుడ్డలాంటి ఫ్లెక్సును కోస్తూ తలెత్తి, ఆమెను చూసి, కత్తెర కింద పెట్టేశాడు.

"అమ్మా. గురువుగారికి..."

"బతికే ఉన్నాడు. కంగారుపడకు." అంది ఆమె. "నీ పాత కంప్యూటర్ పనిచేస్తోందా?"

"కటింగు మిషను దాని మీదే నడుస్తుందమ్మా. దానికేమీ కాలేదు."

"దాంట్లోంచి ఒక ఫైలు కావాలి. మా దాంట్లో పోయింది. ఆయన నోరు అదే." అట్ట ముందుకు చాచింది. "నిన్ను అడగడానికి నాకు మొహం లేదనుకో. అయినా అడుగుతున్నా."

వాడు అట్ట తీసుకుని, చదవకుండా, ముందు అక్షరాల కేసి చూశాడు. "మీరే రాశారా? కొసలు గురువుగారివిలాగే వచ్చాయి."

"పొగడ్తలకు రాలేదురా. ఇస్తావా, పొమ్మంటావా?"

"పొమ్మనడం మీ ఇంట్లోనే నేర్చుకోవాల్సింది, నేర్చుకోలేకపోయాను" అని వాడు లేచి మిషను ఆపేశాడు. ఆ ముక్క ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది.

పెన్‌డ్రైవులో ఫైలు ఎక్కించుకుని, దారిలో వైర్ల డాక్టరు దగ్గర డబ్బా తీసుకుని, వాడు ముందు, ఆమె వెనక ఇంటికి వచ్చారు. గడప దగ్గర వాడు ఆగిపోయాడు.

"తొక్కద్దన్నారమ్మా."

"తొక్కద్దన్న నోరే చెడిపోయింది. బాగుచెయ్యడానికి వచ్చినవాడివి, దాటిరా."

కాపలా కూర్చున్న ఎదురింటావిడ "చుక్క ముట్టలేదు" అని పెదవి విరిచి వెళ్ళిపోయింది. మంచం మీద ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. పొద్దుటి కన్నా చెంపలు లోపలికి పోయినట్టున్నాయి. శిష్యుడి అడుగుల చప్పుడుకు రెప్ప కొంచెం అదిరింది, తెరుచుకోలేదు. వాడు తలదగ్గర ఒక్క క్షణం నిలబడి, కింద కూర్చుని తీగలు కలిపాడు. డబ్బా మూలిగింది, దగ్గింది, కళ్ళు తెరిచింది. బూడిదరంగు పెట్టె వచ్చింది. తెల్ల కాగితం మీద 'నువ్వు ఇక' అలాగే ఉంది.

వాడు పెన్‌డ్రైవు గుచ్చబోయి ఆగాడు. తెర మూలన చెత్తబుట్ట బొమ్మ ఉంది, అందులోంచి ఉండ చుట్టిన కాగితాలు పైకి కనిపిస్తున్నాయి. వాడి చెయ్యి ఎందుకో ముందు దాని మీదికి పోయింది. చిన్నప్పుడు గురువుగారు గోడవైపు తిరిగి కూర్చున్నాడంటే చాలు, అమ్మ కంటే ముందు బుట్ట దగ్గరికి పరిగెత్తిన చెయ్యి అది.

బుట్ట తెరిచాడు. అట్ట మీది పేరుతో పోల్చి చూశాడు. మళ్ళీ చూశాడు.

"అమ్మా" అన్నాడు మెల్లగా. "ఇందులోనే ఉంది."

చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది ఆమె పని. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని వీధంతా తిరిగింది. వైర్ల డాక్టరు దేశదేశాల ఫైళ్ళన్నీ వెతికాడుగానీ ఆ ముంగిట్లో బుట్ట మూత తియ్యలేదు.

"దాంట్లోకి దానంతటదే పడిందారా?"

"పడదమ్మా. అది ఎక్కడో లోలోపల ఉంటుంది, అక్కడిదాకా పోవాలి. తీసెయ్యబోతే ఇది ముఖ్యమైనది అంటుంది, నిజంగానే తీసెయ్యనా అంటుంది, మళ్ళీ అడుగుతుంది. ప్రతిసారీ సరే అని నొక్కాలి. ఓపిక కావాలి."

"ఎవరు నొక్కాలి?"

వాడు గుడ్డపట్టీతో మంచానికి కట్టి ఉన్న బంతి మౌసు వంక చూశాడు. ఆమె కూడా చూసింది. దాన్ని దొర్లించేది ఆ ఇంట్లో ఒక్క బొటనవేలే. ఇంటిదొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఈ ఇంటిదొంగ కదల్లేడు కూడా.

"నేను అరుగు మీద ఉంటానమ్మా" అని వాడు బయటికి పోయాడు.

నిచ్చెనమ్మ మంచం పక్క పీట లాక్కుని కూర్చుంది. ఆమెకు ఏడుపు రాలేదు. వచ్చినా ఆయన ఎదుట ఏడ్చే అలవాటు లేదు. కోపం మాత్రం కాలి వేళ్ళ నుంచి ఎక్కి వచ్చింది.

"వదిన పోయాక నేను పొయ్యి దగ్గరుంటే ఇక్కడ ఈ పని చేశావన్నమాట. నేనేమో వైరస్ తిందని, వదిన తిందని ఊరి మీద పడ్డాను. ఊళ్ళో ఎవరి గడప తొక్కనని ఒట్టేసుకున్నానో ఆ గడప తొక్కాను. 'నువ్వు ఇక' ఏంటి? 'నువ్వు ఇక నన్ను ఆ ఊరి చివరి ఇంటికి పంపెయ్యి' అనేనా?"

మూసిన రెప్పల కింద నుంచి ఒక తడిగీత చెవిదాకా జారింది. అవునని చెప్పడానికి ఆయనకు వేరే పలక అక్కర్లేకపోయింది.

"రాద్దామనుకున్నావు. చెయ్యి రాలేదు. గీత తప్పిందని బ్రష్షు పారేశావు, గోడవైపు తిరిగావు. తల తిప్పడం రాదు కాబట్టి కళ్ళు మూసుకున్నావు, అంతే తేడా." ఆమె కొంగు తీసి ఆ తడి తుడిచింది, తుడుపులో మెత్తదనమేమీ లేకుండా. "నా నడుం వంగిందో నిలబడిందో నేను చూసుకుంటా. అది నీ బోర్డు కాదు వంకలు పెట్టడానికి. నోరు లేక ఊరుకునేవాణ్ణి సాకుతాను. నోరుండి, చచ్చినట్టు ఊరుకునేవాణ్ణి మాత్రం నేను భరించలేనయ్యా. ఆ చీకటి నావల్ల కాదు."

తడిసిన కొంగు నడుముకు దోపుకుంది.

"బ్రష్షు నీదే" అంది ఆఖరికి, లేస్తూ. "బుట్ట నాది."

వాణ్ణి లోపలికి పిలిచి, "తీసి దాని చోట పెట్టెయ్" అంది.

వాడు పెట్టాడు. డబ్బాను ఆపి మళ్ళీ వేశాడు. ఈసారి బూడిదరంగు పెట్టె రాలేదు. తెర కింది సగంలో అక్షరాల పలక వచ్చి, ఏమీ ఎరగనట్టు, వరుసలు వరుసలుగా పరుచుకుంది.

"నేను తెచ్చింది అక్కర్లేకపోయింది" అని వాడు పెన్‌డ్రైవు తియ్యబోయాడు.

"ఆ పుల్ల ఇక్కడ ఇచ్చిపో. ఈయన బుద్ధి నాకు తెలుసు. మళ్ళీ పారేస్తాడు."

పలకైతే వచ్చింది. ఆయన కళ్ళు తెరవలేదు. బొటనవేలు బంతి పక్కన చచ్చిన పురుగులా పడి ఉంది. నిచ్చెనమ్మ ఒకసారి చూసింది, ఇంకోసారి చూడలేదు. బతిమాలడం ఆమె పద్ధతి కాదు. ఈ వయసులో నేర్చుకోవడానికి తీరికా లేదు. పళ్ళ డాక్టరు బోర్డును దించి మంచం పక్కన నేల మీద పరిచింది. అక్షరాలకు వరుస గీత కొట్టాలంటే సున్నం పూసిన దారాన్ని ఇద్దరు రెండు చివర్లా పట్టుకోవాలి.

"వచ్చావు కదా, ఆ కొస పట్టుకో. మిషన్ల దగ్గర మరిచిపోలేదు కదా?"

"మరిచిపోతే చెవి మెలిపెట్టరూ" అని వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఇద్దరూ దారం లాగి పట్టుకున్నారు. ఆమె ఎత్తు చూసుకుంటోంది. కొంచెం పైకా, కొంచెం కిందికా? కన్ను ఎప్పుడూ ఆయనది. ఆమె కన్నుకు నమ్మకం చాలడం లేదు. ఈ మనిషి ఇక ఎన్నడూ తిట్టకపోతే తాను ఏ గీతనూ తేల్చుకోలేదని, ఇలాగే దారం పట్టుకుని ఉండిపోతుందని ఆ క్షణాన ఆమెకు నిజంగా అనిపించింది.

వెనక టక్కుమంది.

ఆమె తిరగలేదు. శిష్యుడు తల ఎత్తబోతే కంటితోనే ఆపింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్కు. మళ్ళీ. మధ్య మధ్య బంతి దొర్లే చప్పుడు, గొట్టంలో ఊపిరి చప్పుడు. వాడు ఉండబట్టలేక వారగా చూసి గుసగుసగా చెప్పాడు.

"ముందున్న రెండు మాటలు చెరిపేశారమ్మా."

"ఊఁ."

"ఇప్పుడేదో రాస్తున్నారు."

"రాయనీ. దారం వదలకు."

టక్కు టక్కులు సాగాయి. గుమ్మంలో పడ్డ ఎండ బోర్డు అంచుదాకా జరిగింది. ఆఖరికి చప్పుడు ఆగింది.

"చదువు" అంది ఆమె.

శిష్యుడు తెర వంక చూశాడు. మెల్లగా చదివాడు.

"'కిరసనాయిల్లో కడిగావా' అంటున్నారమ్మా."

నిచ్చెనమ్మ బోర్డు మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

"కడిగాను" అంది. "ఒరే, ఆ కొస గట్టిగా పట్టుకో. దారం వణుకుతోంది" అని కసిరింది.

వాడి చివర దారం కదలడం లేదు. ఆ మాట వాడు చెప్పలేదు. ఇంకొంచెం బిగించి పట్టుకున్నాడు.